లీటరుకి ఇరవై, ఎవరి కాలితో?

మా అమ్మమ్మ కుడికాలి పిక్క ఎడమకాలి పిక్క కంటే లావు. నమ్మకపోతే టేపు పెట్టి కొలుచుకోవచ్చు. ఆవిడ నిద్రపోతుండగా నేను కొలిచాను, ఒకటిన్నర అంగుళం తేడా ఉంది. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆవిడ ఆ కాలితో చేసిన పని ఒక్కటే. పక్క సీట్లో కూర్చుని, ఇంకొకరు నడిపే కారుకి బ్రేకు వేయడం.

డ్రైవింగు స్కూలు అనగానే మీరు పెద్దగా ఊహించుకుంటారేమో. మా ఇంటి ముందుగది, అందులో ఒక బల్ల, రెండు కుర్చీలు, గోడకి రోడ్డు గుర్తుల పటం, గేటుకి చేత్తో రాసిన బోర్డు. బయట ఒక కారు. అంతే స్కూలు. ఆ కారు ఒకప్పుడు తెల్లగా ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికే పాచిపళ్ల రంగుకి వచ్చేసింది. దాంట్లో పక్క సీటు ముందు, కాళ్ల దగ్గర ఇంకో బ్రేకు పెడలు ఉంటుంది. మా ఊళ్లో లైసెన్సున్నవాళ్లలో సగంమంది ఆ పెడలు పుణ్యాన బతికి బట్టకట్టినవాళ్లే. అందుకే ఆవిడని అందరూ బ్రేకమ్మ అంటారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆవిడకి కోపం రాదు సరికదా, ఫోనెత్తి "బ్రేకమ్మని మాట్లాడుతున్నా, చెప్పండి" అంటుంది.

ఆవిడ ఈ పనిలోకి ఎలా వచ్చిందో మా ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. ఆవిడ చెప్పేది ఇది. తాతయ్య టాక్సీ నడిపేవాడు. ఒకరోజు ఇంటి మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలు కట్టు. టాక్సీ గుమ్మం ముందు పడుంది, ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు. అప్పటికి ముప్పై ఆరేళ్లున్న అమ్మమ్మ స్టీరింగు పట్టుకుంది. తాతయ్య కట్టుకాలు చాపుకుని పక్కన కూర్చుని నేర్పించాడు. నేర్పించాడంటే అరిచాడు. "వారంలో నేర్చేసుకున్నాను. డ్రైవింగు మీద మోజుతో కాదే, ఆయన నోరు మూయించడానికి" అంటుంది. అరవకుండా కూడా నేర్పొచ్చని, అలా నేర్పేవాళ్లు ఊళ్లో ఎవరూ లేరని అప్పుడే ఆవిడకి తట్టింది. కాలు బాగై తాతయ్య మళ్లీ టాక్సీ ఎక్కేనాటికి ఆవిడ మొదటి శిష్యుడి దగ్గర ఫీజు కూడా పుచ్చేసుకుంది. ఆవిడ తనకంటే బాగా నడుపుతుందని తాతయ్య పోయేదాకా ఒప్పుకోలేదు. కానీ చివరి రోజుల్లో ఆవిడ కారు తీస్తే వెనకసీట్లో పడుకుని గురకపెట్టేవాడు. అమ్మమ్మ దాన్నే సర్టిఫికెట్టు కింద లెక్కేసుకుంది.

ఆవిడ పాఠమంతా ఒక్క 'ఊ'లో ఉంటుంది. మామూలు 'ఊ' అంటే బాగానే పోతున్నావని. దీర్ఘం తీస్తే నెమ్మదించమని. 'ఊహూ' అంటే మీరు తప్పు చేసేశారు, ఆవిడ కాలు అప్పటికే బ్రేకు మీద ఉంది, ఇక మీరు కంగారు పడి లాభం లేదు. ఆ కాలికి విశ్రాంతి ఉండదు. బస్సెక్కినా నేలని తొక్కుతుంది. సినిమాకి తీసుకెళితే హీరో కారు ఛేజింగులో ముందుసీటుని తన్నుతుంది. ముందు కూర్చున్నాయన లేచి చూస్తే, "ఆ మలుపులో అంత స్పీడేంటండీ?" అని ఆయన్నే అడుగుతుంది.

ఇదంతా పోయిన ఏడాది దాకా సాఫీగా సాగింది. అప్పుడు మెయిన్ రోడ్డు మీద మూడు ఏసీ కార్లతో కొత్త డ్రైవింగు స్కూలొకటి తెరిచారు. మాకు పద్నాలుగు మంది ఉండే శిష్యులు ఆరుగురయ్యారు. పెట్రోలు ధర మాత్రం ఆరుగురే కదా అని తగ్గలేదు.

ఇక్కడ మామయ్యని రంగంలోకి దింపాలి. మా అమ్మకి తమ్ముడు, అమ్మమ్మకి ఒక్కగానొక్క కొడుకు, బీమా ఆఫీసులో గుమాస్తా. ఫోను చేతిలో లేకపోతే రెండూ రెండూ నాలుగని కూడా ఒప్పుకోడు. ఒక సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా మా ఇంటికి వచ్చి, చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టాడు.

"అమ్మా, నీ కారు తెగ తాగుతోంది."

"ఎవరితో కలిసిరా?"

"నవ్వులాట కాదమ్మా. మూడు నెలల పెట్రోలు చీటీలు తీసుకెళ్లి లెక్క కట్టాను. లీటరుకి ఏడు కిలోమీటర్లు. ఏడు! కొత్త చిన్న కారైతే ఇరవై ఇస్తుంది. షోరూములో ఎక్స్చేంజి మేళా పెట్టారు. ఈ డొక్కు ఇచ్చేసి, మిగతాది అయిదేళ్ల వాయిదాల్లో కట్టొచ్చు. పెట్రోల్లో మిగిలినదే వాయిదాకి సరిపోతుంది. పైగా ఇంకొంచెం మిగులుతుంది కూడా. శనివారం సాయంత్రంతో ఆఖరు."

"లెక్క తప్పితే?"

"తప్పదు."

"తప్పితే అయిదేళ్లూ కట్టాల్సింది నేనురా. నాకిప్పుడు అరవై ఏడు."

"మార్చకపోతే రెండు నెలల్లో బోర్డు పీకేయాలి. అప్పుడు మా ఇంటికొచ్చేసి టీవీ చూసుకుంటూ కూర్చో. నేను కాదన్నానా?"

ఆ మాటకి అమ్మమ్మ నా వైపు చూసింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మా మామయ్య మంచివాడు. వాళ్లింట్లో సోఫా కూడా మెత్తగానే ఉంటుంది. కానీ ఆ సోఫాలో మా అమ్మమ్మ, ఎదురుగా టీవీ, టీవీలో కార్లు అనుకునేసరికి నాకే కాళ్లు లాగాయి.

మామయ్య వెళ్లాక, "పాతకారు మీద బెంగా అమ్మమ్మా?" అని అడిగాను.

"బెంగేంటే? ఇనుముకి ఏడుస్తారా ఎవరైనా? లాభమైతే రేపే ఇచ్చేస్తా, వెనక్కి తిరిగి కూడా చూడను. నష్టమైతే బంగారంతో చేసిన కారైనా నాకొద్దు. ఏదని తేలాలి కదా."

అది తేల్చుకోవడానికే బుధవారం మామయ్య మా కారు నడుపుతుండగా షోరూముకి వెళ్లాం. అద్దాల గోడలు, అద్దంలాంటి నేల. అమ్మమ్మ లోపలికి అడుగుపెడుతూనే, "ఇంత నున్నగా ఉంటే బ్రేకెలా పడుతుంది?" అంది. టై కట్టుకున్న సేల్సు కుర్రాడొకడు ఎదురొచ్చి, మంచినీళ్లిచ్చి, ఎర్రటి చిన్న కారు దగ్గరికి తీసుకెళ్లి తాళం చేతికివ్వబోయాడు.

"మీరే నడిపి చూడండి మేడమ్."

అమ్మమ్మ తాళం పుచ్చుకోకుండా కారు చుట్టూ తిరిగి వెళ్లి పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టేసుకుంది.

"మేడమ్, అది డ్రైవింగు సీటు కాదండీ."

"నాకు తెలుసు బాబూ. నా సీటు ఇదే. నువ్వు పోనీ."

మామయ్య తల పట్టుకున్నాడు. ఆ కుర్రాడు చేసేదేమీ లేక తనే నడిపాడు. నేనూ మామయ్యా వెనక కూర్చున్నాం. ప్రతి చౌరస్తాలోనూ అమ్మమ్మ కాలు టపీమని నేలని తొక్కేది. అక్కడ పెడలు లేదు, కొత్త రబ్బరు చాప ఉంది. రెండో చౌరస్తాకల్లా ఆ చాప ముడుచుకుపోయింది. కుర్రాడికి చెమటలు పట్టాయి.

"నేనేమైనా తప్పు చేశానా మేడమ్?"

"రెండు. మొదటిది, ఇందాక సిగ్నలివ్వకుండా తిప్పావు. రెండోది ఇంకా చెయ్యలేదు, ఆ వచ్చే మలుపులో చేస్తావు."

చేశాడు కూడా.

తిరిగి వచ్చేసరికి షోరూము తాలూకు మనిషొకాయన కాగితం తగిలించిన అట్ట పట్టుకుని మా పాతకారు ధర కట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. మా కారు ఒంటినిండా సొట్టలే. అమ్మమ్మ ఒక్కటీ బాగుచేయించదు, అందుకని ప్రతిదానికీ ఒక చరిత్ర ఉంటుంది. ఆయన అట్ట మీద గీతలు గీస్తూ అడగడం, ఆవిడ పరిచయం చేయడం.

"వెనకాల ఈ సొట్ట?"

"పోస్టుమాస్టరు గారిది. రివర్సులో వచ్చి దీపస్తంభాన్ని పలకరించారు."

"ఈ తలుపు మీద?"

"పళ్ల డాక్టరుది. ఆయనకి కుడి ఎడమా తేడా తెలీదు. అందుకే నేను ఆయన దగ్గర పన్ను పీకించుకోను."

"ముందు బంపరు మీద ఇంత లోతుది?"

"అదా? మీ మేనేజరు గారిది."

ఆయన మేనేజరు కూర్చునే అద్దాలగది వైపు ఒకసారి చూసి, ఆ ఒక్కటీ అట్ట మీద రాసుకోలేదు.

చివరికి చెప్పిన ధర విని నాకు నవ్వొచ్చింది, మామయ్యకి దగ్గొచ్చింది. "బోనసు కలుపుతారమ్మా, వాయిదాల్లో పెద్ద తేడా రాదు" అని సర్దిచెప్పి, ఫోనులో మళ్లీ లెక్క వేసి చూపించాడు. సేల్సు కుర్రాడు కాగితం ముందుపెట్టాడు. మామయ్య పెన్ను మూత తీసి మరీ ఇచ్చాడు. అమ్మమ్మ కాగితం మీద చెయ్యి ఆనించింది. నిజంగానే సంతకం పెట్టేస్తుందనుకున్నాను.

"బాబూ, ఈ లీటరుకి ఇరవై అన్నారే. ఎవరి కాలితో?"

"అంటే మేడమ్?"

"ఎవరు నడిపితే ఇరవై వస్తుంది?"

"కంపెనీవాళ్లు టెస్టు చేశారు మేడమ్."

"ఆ టెస్టు చేసినవాడికి డ్రైవింగు వచ్చా, నేర్చుకుంటున్నాడా?"

"వచ్చే ఉంటుంది కదండీ!"

"వచ్చినవాడు నా దగ్గరికెందుకొస్తాడు నాయనా?"

కుర్రాడు కాగితం తిరగేసి చూశాడు. నాకూ అప్పుడే తలకెక్కింది. మా కారు రోజంతా మొదటి గేరులోనే మూలుగుతుంది. ఆగుతుంది, గెంతుతుంది, మళ్లీ ఆగుతుంది. ఒక్కో శిష్యుడు క్లచ్చి మీద పాదరక్ష వదిలేసి వెళ్లినట్టు అలాగే తొక్కిపెట్టి ఉంచుతాడు. మామయ్య లెక్కలో కారు ఉంది, పెట్రోలు ఉంది, వాళ్ల కాళ్లు లేవు.

అమ్మమ్మ పెన్ను మూత పెట్టేసింది. "శనివారం పొద్దున్న నా శిష్యురాలిని తీసుకొస్తాను. మీ వెనకాల ఖాళీ మైదానం ఉంది కదా, అక్కడ ఈ కారు నడుపుతుంది. ఎంత వస్తుందో చూసి అప్పుడు సంతకం పెడతా."

ఈ గొడవంతా విని మేనేజరు బయటికి వచ్చాడు. బట్టతల, మంచి నవ్వు. మా కారు బంపరు చూసి కొంచెం సిగ్గుపడ్డాడు. "అమ్మగారూ, మీరడిగితే కాదంటానా? ఎవరు నడిపినా పదిహేనుకి తగ్గదు, చూడండి" అన్నాడు.

గురువారం అమ్మమ్మ ఇంకో పని పెట్టుకుంది. మా మెకానిక్కుని పిలిపించింది. ఆయన ఆవిడ ఈడువాడే అయినా అక్కా అని పిలుస్తాడు. ఆ రెండో బ్రేకు బిగించింది ఆయనే. బోనెట్టు ఎత్తి, ట్యాంకు నుంచి వచ్చే గొట్టం విప్పేసి, ఒక సీసాలో సరిగ్గా లీటరు పెట్రోలు పోసి, ఆ గొట్టాన్ని సీసాలో పెట్టి తాడుతో గట్టిగా కట్టాడు.

"అక్కా, ఎవరు నడుపుతారు?"

"నేనే."

మెకానిక్కు నా మొహం చూశాడు, నేను ఆయన మొహం చూశాను. ఆవిడ డ్రైవింగు సీట్లో కూర్చుని వీధి దాటి వెళ్లడం మేం చూసి ఏళ్లయింది. ఆయన పక్కన కూర్చుని, అవసరమైతే ఉంటుందని రెండో బ్రేకు మీద కాలు పెట్టుకున్నాడు. అమ్మమ్మ అది గమనించింది.

"కాలు తియ్యి."

తీసేశాడు.

ఊరి బయట రింగు రోడ్డు మీద ఆవిడ నడిపిన తీరు చెప్పాలంటే నా చదువు చాలదు. గేరు ఎప్పుడు మారిందో చెవికి తెలియలేదు. మలుపులో నా భుజం తలుపుకి ఆనలేదు. ముందు లారీ ఆగుతుందని లారీవాడికంటే ముందే ఈవిడకి తెలిసిపోయేది. మెకానిక్కు కాసేపటికి వెనక్కి వాలాడు. ఇంకాసేపటికి ఆవలించాడు కూడా. పద్నాలుగు కిలోమీటర్లు దాటి ఆరువందల మీటర్లకి సీసా ఖాళీ అయ్యి, కారు నెమ్మదిగా రోడ్డు పక్కకి ఒరిగి ఆగింది.

"పద్నాలుగున్నర! ఈ ముసలిదానికి!" అన్నాడు మెకానిక్కు. కారు గురించే అన్నాడని నా నమ్మకం.

"మా వాడు ఏడన్నాడు. మిగతా ఏడూ ఎవరు తాగారే?" అని అమ్మమ్మ నన్నడిగింది.

"పోస్టుమాస్టరు గారు, పళ్ల డాక్టరు గారు" అని నేను లెక్కపెట్టబోతే, నెత్తి మీద ఒకటి మొట్టింది.

శనివారానికి ఆవిడ ఎంచుకున్న శిష్యురాలు ఎవరో వింటే మీరూ జాలిపడతారు, షోరూమువాళ్ల మీద. మా సందు చివర బట్టలు కుట్టే టైలరు పిన్ని. నలభై నాలుగేళ్లుంటాయి. బట్టల టోకు బజారుకి తనే కారులో వెళ్లి తానులు తెచ్చుకోవాలని కోరిక. రెండు నెలలుగా నేర్చుకుంటోంది. చెయ్యి అద్భుతం, స్టీరింగు మీద సూదంత తేడా రాదు. కాలే ఆవిడ శత్రువు. పాతికేళ్లుగా కుట్టుమిషను తొక్కిన పాదం. యాక్సిలరేటరు మీద పెట్టగానే మడమా వేళ్లూ మడమా వేళ్లూ అని ఊగడం మొదలుపెడుతుంది. కారు రోడ్డు మీద టాకాలు వేసుకుంటూ పోతుంది.

పొద్దున్నే మైదానానికి చేరాం. పిన్ని స్టీరింగు ముందు, అమ్మమ్మ పక్కన. ఇక్కడ కాలికి పెడలు లేదు గనక హ్యాండు బ్రేకు చేత్తో పట్టుకుని కూర్చుంది. వెనక నేను, నా పక్కన సేల్సు కుర్రాడు. టై ముందే విప్పి జేబులో పెట్టుకున్నాడు, తెలివైనవాడు. ముందున్న చిన్న తెర మీద మైలేజీ అంకె కనిపిస్తుంది. దాన్ని సున్నా చేశాడు. మామయ్యా మేనేజరూ గట్టు మీద నిలబడ్డారు.

"టీచరమ్మా, వీళ్ల కొత్త కారుకేమైనా అయితే?"

"ఏమీ అవదు. నువ్వు రోజూ ఎలా నడుపుతావో అలాగే పోనీ. నన్ను మెప్పించాలని చూడకు."

పిన్ని అలాగే పోనిచ్చింది. అరగంట మైదానం చుట్టూ తిరిగాం. నా పళ్లు ఒకదానికొకటి కుట్టుపడిపోయాయేమో అనిపించింది. కారు ఆగాక సేల్సు కుర్రాడు కళ్లు తెరిచి తెర చూశాడు. ఎనిమిది పాయింటు రెండు.

"మొదటిసారి కదా మేడమ్, అలవాటైతే పెరుగుతుంది."

"అలవాటయ్యాక వెళ్లిపోతారు బాబూ. ఆ సీట్లోకి ఇంకో కొత్తవాడొస్తాడు."

గట్టు మీంచి మామయ్య పరిగెత్తుకొచ్చాడు. అంకె చూశాడు. ఫోను తీశాడు. రెండు మూడు సార్లు నొక్కి, ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. ఏడుకీ ఎనిమిదికీ మధ్య మిగిలేది వాయిదాలో ఏ మూలకీ రాదని నొక్కకుండానే నాకు తెలిసింది, లెక్కల్లో మూడుసార్లు తప్పినదాన్ని నాకే.

"అమ్మా, నా లెక్క తప్పింది" అన్నాడు. ఆ మాట అనడం ఆయనకి ఎంత కష్టమో మా ఇంట్లో అందరికీ తెలుసు. "కానీ ఇప్పుడు మాత్రం దారేముంది? పాతదీ తాగుతుంది, కొత్తదీ తాగుతుంది. బోర్డు పీకేయడమేగా?"

అమ్మమ్మ అప్పటికే కిందకి వంగి ఏదో చూస్తోంది. ఇంజను ఆపేసి ఉంది, కారు కదలడం లేదు. అయినా టైలరు పిన్ని పాదం యాక్సిలరేటరు మీద మడమా వేళ్లూ మడమా వేళ్లూ అని ఊగుతూనే ఉంది. పిన్నికి ఆ సంగతే తెలీదు, పైట సర్దుకుంటోంది.

"ముప్పై ఒక్క ఏళ్లు నా కాలినే నమ్ముకున్నాను" అంది అమ్మమ్మ, ఎవరితోనో తెలీకుండా. "వీళ్ల కాళ్ల వంక ఒక్కరోజూ సరిగ్గా చూడలేదు." తర్వాత తల ఎత్తింది. "ఏమ్మా, కుట్టిన బట్టలు ఇస్త్రీ ఎవరు చేస్తారు?"

"నేనే టీచరమ్మా. ఇంకొకరి చేతికిస్తే మడతలు పోతాయా?"

"ఇస్త్రీపెట్టె ఊపుతావా?"

"అయ్యో, ఊపితే బట్ట కాలిపోదూ? ఆనించి, బరువంతా వెయ్యకుండా అలా జార్చుకుంటూ పోవాలి."

"మరి ఈ పెడలు కుట్టుమిషను కాదమ్మా, ఇస్త్రీపెట్టె. కింద పట్టుబట్ట ఉందనుకో. మడమ కదలకూడదు. ఆనించు. జార్చు."

ఇంజను స్టార్టు చెయ్యనివ్వలేదు. ఆగిన కారులోనే నలభై నిమిషాలు ఆనించడం, జార్చడం, క్లచ్చి వదలడం, గేరు మార్చడం. "పట్టుబట్ట!" అని అమ్మమ్మ, "కాలింది, మళ్లీ" అని పిన్ని. గట్టు మీద మామయ్య వాచీ చూసుకున్నాడు. సేల్సు కుర్రాడు కూడా వెనకసీట్లో చెప్పు విప్పి పాదం జార్చి చూసుకోవడం నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు, ఇదే చెప్పడం.

"ఇప్పుడు తెర సున్నా చెయ్యి బాబూ."

ఇంజను స్టార్టు చేశారు. పిన్ని పెదవులు బిగించి పాదం ఆనించింది. కారు కదిలిందని పక్కన గట్టు వెనక్కి పోతుంటే తెలిసింది. ఒక చుట్టు. రెండు చుట్లు. మూడో చుట్టులో మలుపు దగ్గర పాదం పాత అలవాటుకి ఒక్కసారి ఊగింది. "కాలింది" అని తనకి తనే చెప్పుకుని పిన్ని సర్దుకుంది. రెండో గేరు, మూడో గేరు. నా పళ్లు దేనికవి విడిపోయాయి. ఎప్పుడూ టపటపమనే మా అమ్మమ్మ కుడికాలు మడుచుకుని కుదురుగా ఉంది. అది అలా ఉండగా నేను పుట్టాక చూడలేదు.

కారు ఆగింది. సేల్సు కుర్రాడు ముందుకి వంగి గట్టిగా చదివాడు. "పదమూడు పాయింటు నాలుగు!"

టైలరు పిన్ని స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చేసింది. హారను మోగింది. ఆ హారనుకి షోరూములోంచి నలుగురు పరిగెత్తుకొచ్చారు, ఏదో గుద్దేశారనుకుని. మేనేజరు మాత్రం తెర చూసి, పిన్ని పాదం చూసి, అమ్మమ్మ మొహం చూసి నిలబడిపోయాడు.

"ఒరేయ్, రాసుకో" అంది అమ్మమ్మ మామయ్యతో, కారు దిగి చీర కుచ్చిళ్లు దులుపుకుంటూ. "పొద్దున్న ఎనిమిది, ఇప్పుడు పదమూడు. కారు అదే, పెట్రోలు అదే. అయిదేళ్ల వాయిదాలు అక్కర్లేదు. మొదటి వారం ఇంజను ముట్టుకోనివ్వను. ఆగిన కారులోనే కాలు కుదరాలి. కుదిరినవాళ్లే రోడ్డెక్కుతారు."

"ఆగిన కారులో నేర్పితే ఫీజు ఇస్తారా అమ్మా ఎవరైనా?"

"ఇవ్వకేం? నేనిస్తా!" అని పిన్ని కళ్లు తుడుచుకుంటూ అరిచింది. "రెండు నెలలు రోడ్డు మీద రానిది నలభై నిమిషాల్లో వచ్చింది. మా సందులో ఇంకో ముగ్గుర్ని తీసుకొస్తాను టీచరమ్మా."

సంతకం పెట్టని ఎక్స్చేంజి కాగితం మేనేజరు చేతిలో ఉంది. అది నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కేసుకుని, అమ్మమ్మని పక్కకి పిలిచాడు. పక్కకి పిలిస్తే నేను వినకుండా ఉంటానా?

"అమ్మగారూ, నా బాధ వినండి. డబ్బు కట్టేసి, కారు నడపడం రాక, ఇంటికి తీసుకెళ్లలేక పదకొండుమంది బళ్లు మా వెనక పెరట్లో పెట్టుకున్నారు. దుమ్ము కొట్టుకుపోతున్నాయి. తీసుకెళ్లినవాళ్లు మర్నాడే సొట్టతో ఏడుస్తూ వస్తున్నారు. వాళ్లందరినీ మీ దగ్గరికి పంపిస్తాను. నేర్పుతారా?"

"నేర్పుతా. మొదటి వారం నా కారులో, ఇంజను ఆపి. తర్వాత మైదానంలో నా బ్రేకు ఉన్న బండిలోనే. కాలు కుదిరాక వాళ్ల సొంత కారులో. పెట్రోలు వాళ్లదే."

"తప్పకుండా. మా షోరూము పేరు మీద ఒక బోర్డు..."

"బోర్డు నాది."

"మీదే, మీదే."

"సొట్ట పడితే?"

మేనేజరు మా కారు బంపరు వైపు చూడకుండా జాగ్రత్తపడ్డాడు. "మీ చేతుల్లో పడదు లెండి" అన్నాడు.

ఈ కొత్త ఒప్పందం కాగితం మీద ఏం రాయాలో అమ్మమ్మ చెబుతుంటే సేల్సు కుర్రాడు కంప్యూటరులో కొట్టాడు. అందులో 'వాయిదా' అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని ఆవిడ నాచేత రెండుసార్లు చదివించింది. లేదు. అప్పుడు పెట్టింది సంతకం. మామయ్య అప్పటికే బయటికి వెళ్లి మా పాత కారు అద్దం తన రుమాలుతో తుడుస్తున్నాడు. సొట్టల జోలికి పోలేదు.

ఆ తర్వాత మూడో సోమవారం పొద్దున్న ఆరున్నరకి మా వీధిలో జనం వాకిళ్లలోకి వచ్చి చూశారు. మా గేటు దగ్గర్నుంచి సందు మలుపు దాకా అయిదు కొత్త కార్లు వరసగా నిలబడ్డాయి. వాటి పక్కన అప్పటికి కాలు కుదిరిన అయిదుగురు యజమానులు, ఒక్కొక్కరు ఒక్కో రకంగా భయపడుతున్నారు. వాటిని అక్కడిదాకా నడిపి తెచ్చింది షోరూము డ్రైవర్లు. మెయిన్ రోడ్డు మీది ఏసీ స్కూలు బండి ఒకటి మా వీధిలోంచి పోవాల్సి వచ్చి, దారి లేక, వెనక్కి తిప్పుకోవడం రాక, అక్కడే నిలబడిపోయింది.

అమ్మమ్మ కాఫీ గ్లాసు నా చేతికిచ్చి, చెప్పులు వేసుకుని, ఆ వరస మొదట్నుంచి చివరిదాకా నడిచింది. ఒక్కో కారు కిటికీలోంచి తొంగి చూసింది. అద్దాలు కాదు, సీట్లు కాదు, పెట్రోలు ముల్లు.

"నిండుగా పోయించుకు రమ్మన్నాను కదా, ఇందులో సగమే ఉందేం?"

ఆ కారాయన నీళ్లు నమిలాడు. "రేపు పోయిస్తానండీ."

"రేపటి పాఠం రేపు. మీరు ఆఖరున నిలబడండి" అంది ఆవిడ. తర్వాత మొదటి కారు దగ్గరికి వచ్చి, దారి దొరక్క నిలబడిపోయిన ఏసీ బండి వంక ఒకసారి చూసింది. దాన్ని నడుపుతున్న కుర్రాడు కిటికీ దించి, "బ్రేకమ్మగారూ, కొంచెం వెనక్కి తిప్పిపెడతారా?" అని బతిమాలాడు.

ఆవిడ వెళ్లి, ఆ బండి డ్రైవింగు సీట్లో కూర్చుని, రెండు విసుర్లలో దాన్ని వెనక్కి తిప్పి, దిగి, తాళం అతని చేతిలో పెట్టింది.

"నేర్చుకోవాలనిపిస్తే రా. నీ పెట్రోలు నువ్వే తెచ్చుకోవాలి" అంది.